సార్ వదలమన్న జానెడు జాగ

సార్ పోయారన్న మాట నాకు బోధన్ బస్టాండులో తెలిసింది. నందిపేట నుంచి పసుపు బస్తాలతో వచ్చిన మనిషొకడు చాయ్ తాగుతూ చెప్పాడు.

"మీ బడిల చెప్పిన కిరస్తానం సార్ లేడా, పొద్దుగాల పోయిండు."

నా నోట మొదట వచ్చిన మాట, "నువ్వు చూసినవా?"

అతను గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "సావుకు గూడ గవాయి, సాక్ష్యం అడుగుతవా? దిమాగ్ ఉన్నదా నీకు?"

అలా అడగడం నేర్పింది ఆ పోయిన మనిషేనని అతనికి ఎలా చెప్పేది? నందిపేట బస్సెక్కాను. వెళ్లి చూశాను. నిజమే.

ఆయన మాకు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. ఆదివారం ప్రార్థనకు వేసుకున్న తెల్ల చొక్కానే ఉతికి ఆరేసి సోమవారం బడికి తొడుక్కొచ్చేవారు. వరండాలో గోడపత్రిక ఆయన పెట్టించిందే. దానికి ఆయన కట్టుబాట్లు ఉండేవి. ప్రతి వార్త కింద చూసినవాళ్లెవరో, చెప్పినవాళ్లెవరో ఉండాలి; పుస్తకంలోంచి తెస్తే అది రాసినవాళ్లెవరో ఉండాలి. ఆ కింద జానెడు జాగ ఖాళీగా వదలాలి. మేము రాసింది తప్పనుకున్నవాళ్లు, మేము తిట్టినవాళ్లయినా సరే, వచ్చి అక్కడ తమ మాట రాసుకోవచ్చు.

ఒకసారి మా తరగతివాడొకడు వారపత్రికలోని వ్యాసం మొత్తం దించి కింద తన పేరు పెట్టుకున్నాడు. సార్ కొట్టలేదు. వాణ్ణి లేపి నిలబెట్టారు.

"పక్కింటోళ్ల బర్రెను తెచ్చి మన కొట్టంల కట్టేసుకుంటే ఏమంటర్రా?"

"దొంగతనం సార్."

"మరి దాని పాలు మా ఇంటి పాలేనని వాడకట్టంత పంచితే?"

క్లాసంతా నవ్వింది. వాడు తల వంచుకున్నాడు.

"ఆ రాసినాయన పేరు పైన పెట్టు. నీకేం సమజైందో కింద నాలుగు ముక్కలు రాయి. గవే నీవి," అన్నారు.

నాకు అప్పటికే కరపత్రాల పిచ్చి. దొరికిందల్లా చదివి, రాసిన ప్రతి వాక్యంలో నెత్తురు పారించేవాణ్ణి. సార్ నా కాగితం చదివి, "ఇందుల నీ కోపం మంచిగ కనవడుతున్నది. ముచ్చట ఏడున్నది?" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

వర్ని దారిలో ఒక ఖండసారి చక్కెర మిల్లు ఉండేది. చెరుకు ఆడే రోజుల్లో అక్కడి మడ్డినీళ్లు కాలువలోకి వదిలేవారు. దిగువ వాడలో తాగేది ఆ కాలువ నీళ్లే. ఆ ఏడు ఆ వాడలో ఒక పసివాడు వాంతులై చనిపోయాడు. వాడి నాయనమ్మ ఆ మిల్లులోనే చెరుకు పిప్పి మోసే కూలి. ఆమె సంగతి ఆమె ఒప్పుకుంటేనే ఇక్కడ రాస్తున్నాను. ఒకనాడు బడి గేటు దగ్గర సార్‌ను, నన్ను నిలబెట్టి చెప్పింది.

"నల్లనీళ్లు ఇడిశేది నా కండ్లతోని సూసిన సారూ. కాని నా పేరు బయట పెట్టకుర్రి. కూలి పోతది. ఇంట్ల ఇంక ఇద్దరు పోరగాండ్లున్నరు."

ఆ పూటే రాసేశాను, మిల్లు విషం పసిబిడ్డలను మింగుతోందని. సార్ పెన్సిల్ ఒక మాట దగ్గర ఆగింది.

"బిడ్డలు ఎందరు?"

"ఒక్కడే సార్."

"విషమని ఎవరన్నరు? డాక్టరా?"

"డాక్టర్ దాక పోయే దిక్కుంటే వాడు సచ్చేటోడా? మీరు మిల్లు సేటుకు వకీలా సార్?"

ఆయన పెన్సిల్ కింద పెట్టారు.

"కోపం నీకొక్కనికే ఉన్నదనుకుంటున్నవా? మనం ఒక్క ముక్క ఎక్కువ రాస్తే, దాన్ని పట్టుకొని మిగిలిందంత అబద్ధమంటడు. అప్పుడు గా పోరని సావు గూడ అబద్ధమైతది."

చెప్పినవాళ్ల పేరు లేకుండా వార్త వేయకూడదు. పేరు వేస్తే అవ్వ కూలి పోతుంది. ఏదో ఒక పేరు కల్పిద్దామన్నాను.  మర్నాడు సార్ సైకిలెక్కి వర్ని దారి పట్టారు. మిల్లు వెనక తూములోంచి నల్లనీళ్లు వచ్చేదాకా కాలువ గట్టున కూర్చున్నారు. అట్నుంచి దిగువ వాడకు పోయి పిల్లవాడి తల్లితో మాట్లాడారు. బురద కాళ్లతో తిరిగొచ్చి తానే రాశారు. మిల్లు మడ్డినీళ్లు కాలువలో కలుస్తున్నాయి. దిగువ వాడ ఆ నీళ్లు తాగుతోంది. ఈ మధ్యే అక్కడ ఒక పసివాడు వాంతులై చనిపోయాడు. అంతే. 'కాబట్టి' అన్న మాట ఎక్కడా లేదు. చూసినవాడు అన్న చోట తన పేరు పెట్టారు.

ఆ సేటు మా బడి కమిటీలో పెద్ద. అతని గుమాస్తా వచ్చి ఖాళీ జాగలో 'ఇదంతా అబద్ధం' అని రాసి పోయాడు. చింపబోతే సార్ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ. ఆయన మాట ఆయనది. చదివేటోళ్లకు కండ్లు లేవా?"

నీకు చెప్పిందెవరని కమిటీవాళ్లు తిప్పి తిప్పి అడిగారని తర్వాత ఆయనే నాకు చెప్పారు. నేనే చూసిన అన్నది ఒక్కటే ఆయన జవాబు. నౌకరీ పోయింది. మిల్లు ఆడుతూనే ఉంది. నీళ్లు నల్లగానే పారాయి. సార్ నందిపేటలో ఒంటిగది తీసుకుని, ట్యూషన్లు చెప్పుకుంటూ, దగ్గుకుంటూ మిగిలిన కాలం వెళ్లదీశారు. నిజాన్ని కొలిచి రాసిన మనిషికి దక్కింది అదీ. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆయన పోయిన వార్త రాసి బస్టాండు పక్కన రీడింగ్ రూం గోడకు అతికించాను. మహానుభావుడని ఒకచోట రాసి కొట్టేశాను. నల్లనీళ్ల సంగతి, నౌకరీ సంగతి ఉంచాను. చూసినవాడు అన్న చోట నా పేరు పెట్టి, కింద జానెడు వదిలాను.

సాయంత్రం అవ్వ సంగతి విని, మిల్లులో పని దిగి అట్నుంచటే వచ్చింది. చదివి వినిపించమంది. విన్నది.

"గా నల్లనీళ్ల ముచ్చట చెప్పింది ఎవరని రాసినవ్ బిడ్డా?"

"ఎవరనీ రాయలే అవ్వా. సార్ చూసిండని రాసిన."

"నేను చెప్తెనే గద ఆయన పోయి చూసింది. రాయి నా పేరు."

"కూలి పోతది అవ్వా."

"ఆయనది పోలేదా?"

కలం జేబులోనే ఉంది. సార్ అంత దాచిన పేరును బయట పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె రెండోసారి అడగలేదు. చెరుకు మడ్డి అంటుకుని జిగటగా ఉన్న అరచేతిని ఆ ఖాళీలో ఆనించి, కాసేపు అలాగే ఉంచి, తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే, గోడ మీద ఆ అయిదు వేళ్ల వెంట చీమలు బారులు తీరి ఉన్నాయి.