నాచారం గేటులో దిగిన వీఐపీ అత్తగారు

మొన్న శుక్రవారం నుంచి మా ఫ్యాక్టరీలో నన్ను పేరు పెట్టి పిలవడమే మానేశారండీ! సెక్యూరిటీ నుంచి క్యాంటీన్ దాకా ఎవరు ఎదురైనా "అత్తగారు బాగున్నారా?" అని ఒకటే పలకరింపు. ఎందుకో చెప్తాను, ముందు ఆ టీ ఇలా అందుకోండి.

మాది భీమవరం వైపు. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్ని, ఉప్పల్లో కాపురం. మా ఆవిడ స్వప్నది జనగామ. ప్రేమించి చేసుకున్నాను. అత్తగారు మౌలాలిలో పెద్దల్లుడింటి పక్కనే ఉంటారు. ఆయన ఆవిడకు సొంత మేనల్లుడు కూడా. ఆయన గురించి చెప్పమంటే ఆవిడకు పూటంతా చాలదు. నా గురించి ఎవరైనా అడిగితే మాత్రం "చిన్నల్లుడా... ఉన్నడు" అంటారు. పెళ్లయిన దగ్గర్నుంచి ఉన్నాను. అంతే! ఆవిడ నోటి వెంట ఒక్క మంచి మాట వినాలని నాకు ఎంత ఆశో మీకు తెలీదు.

ఆ ఛాన్స్ రానే వచ్చింది. అత్తగారు భజన వాళ్లతో రైల్లో కాశీ వెళ్లారు. ఘాట్ల మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు వాచిపోయాయి. రిటర్న్ ఫ్లైట్ నేనే బుక్ చేస్తానన్నాను. చేస్తుంటే స్క్రీన్ మీద వీఐపీ టెర్మినల్ సర్వీస్ అని కనబడింది. విమానం తలుపు దగ్గరే మనిషి బోర్డు పట్టుకుని నిలబడతాడట! బగ్గీలో తీసుకెళ్తాడట! లైన్లు లేవు, తోపులాట లేదు, ప్రత్యేకంగా ఒక లాంజ్. ప్యాకేజీల్లో ఏమేం ఉన్నాయో చదవకుండా అన్నిటికన్నా పైనున్నది వాయిదాల మీద నొక్కేశాను.

"గన్ని పైసలెందుకు? వీల్‌చైర్ ఫ్రీగనే ఇస్తరు గదా?" అంది స్వప్న.

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాను.

ఇంకో చిక్కు. ఆ శుక్రవారమే ఫ్యాక్టరీలో ఫారిన్ ఆడిట్. ఎవరికీ లీవుల్లేవు. నేనేం చేశానంటే, మేనేజర్‌గారికి ఫోన్ చేసి, గొంతు కాస్త వణికించి, "సార్, మా అత్తగారికి సీరియస్. ఐసీయూలో ఉన్నారు" అనేశాను. పాపం, ఆయన "ముందు ఆవిణ్ణి చూసుకోవయ్యా" అన్నారు.

బయల్దేరే ముందు అత్తగారు కాశీ నుంచి ఫోన్ చేశారు. "కాశీకొస్తే ఇష్టమైనదేదన్న ఇడిసి రావాలె గదా బిడ్డా! మావోళ్లంత కాకరకాయ, పొట్లకాయ ఇడిసిన్రు. తిననియి ఇడిస్తె ఏమొస్తది? నేనైతె అబద్ధమాడుడే ఇడిసిన."

చాలా మంచి పని చేశారు అత్తయ్యా అన్నాను. నా ఖర్మ కాకపోతే!

శంషాబాద్‌లో బంతిపూల దండ పట్టుకుని నేనూ స్వప్నా నిలబడ్డాం. విమానంలో వాళ్లంతా బయటికొచ్చారు. ఆఖరికి పైలట్ కూడా వచ్చాడు. అత్తగారు లేరు! ఫోన్ కలవదు. కాశీలో ఎవరో దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టిచ్చారు, తీయడం ఆవిడకు రాదు. కంగారుగా సర్వీసు వాళ్లకు ఫోన్ చేశాను.

"మేడమ్ మా ప్రత్యేక గేటు నుంచి ఎప్పుడో వెళ్లిపోయారు సార్. మీ ప్యాకేజీలో కారు కూడా ఉంది కదా! నాచారంలో డ్రాప్."

"నాచారమేంటండీ? మా ఇల్లు ఉప్పల్!"

అప్పుడు వెలిగింది. పగలు ఇంట్లో ఎవరూ ఉండరని పార్సిళ్లన్నీ ఫ్యాక్టరీ గేటుకే తెప్పించుకుంటాను. బుకింగప్పుడు ఫోను దానంతటదే ఆ అడ్రస్ నింపేసింది. నేను చూడకుండా ఓకే కొట్టేశాను.

ఇంతలో మేనేజర్‌గారి ఫోన్. "ఐసీయూలో ఉన్న మీ అత్తగారు మన ఆఫీసులో టీ తాగుతున్నారు. వీలైతే వచ్చి చూసి వెళ్తావా?"

ఔటర్ రింగురోడ్డు మీద మా కారు స్వప్నే నడిపింది. నేను పక్క సీట్లో బంతిపూల దండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ఆవిడ ఒక్క మాట తిట్టలేదు. "నీకు తెలీదు, ఊరుకో" అని నా మాటే నాకు అప్పజెప్పింది, అంతే.

వెళ్లేసరికి తెలిసిన సంగతి ఏంటంటే, నల్లటి పెద్ద కారు చూసి ఆడిటరే అనుకున్నారట మా వాళ్లు. సెక్యూరిటీ సెల్యూట్ కొట్టాడు. హెచ్చార్ అమ్మాయి బొకే ఇచ్చింది. మేనేజర్‌గారు "వెల్కమ్ సార్" అంటూ డోరు తీస్తే ముందు గంగనీళ్ల చెంబు దిగింది, దాని వెనక మా అత్తగారు! "అల్లుడే ఇక్కడికి రమ్మన్నడేమో" అనుకుని దర్జాగా లోపలికి నడిచారట. తర్వాత ట్రాఫిక్‌లో నలిగి క్యాబులో వచ్చిన అసలు ఆడిటర్‌కి బొకే మిగల్లేదు.

"అమ్మా, మీరు ఐసీయూలో ఉన్నారని మీ అల్లుడు చెప్పాడు. నిజమేనా?" అని నా ముందే అడిగారు మేనేజర్‌గారు.

అత్తగారు నా మొహం చూశారు. ఏం కనబడిందో మరి, చెంబు నెమ్మదిగా టేబుల్ మీద పెట్టారు.

"నిజమే సారూ. పానం మీదికొచ్చింది. ఈ పిలగాడే లేకుంటె నేను దక్కకపోదును. కన్నకొడుకు గూడ గింత జెయ్యడు. బంగారమసొంటోడు. జర మంచిగ జూసుకోండ్రి."

మేనేజర్‌గారు బొకే వంకా, చెంబు వంకా, నా వంకా చూశారు. నవ్వాపుకుంటూ "ఆదివారం డ్యూటీకి రా" అన్నారు. నాకది వినబడనే లేదు. బంగారమన్నారండీ నన్ను! నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

కారెక్కగానే ఆగలేక అడిగేశాను. "అత్తయ్యా, ఇందాక మీరు నా గురించి అన్నారే, ఆ మాట..."

అత్తగారు సంచిలోంచి కాశీదారం తీసి నా చేతికి చుడుతూ అన్నారు. "అబద్ధం ఇడిసొచ్చి ఒక్కపూట గూడ కాలే బిడ్డా. నీ మొఖం జూసి రెండు ఆడాల్సొచ్చె."

"రెండా? ఐసీయూ ఒకటి. రెండోది ఏంటత్తయ్యా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. దారం ముడి మాత్రం గట్టిగా బిగించారు. స్వప్న స్టీరింగ్ మీద పడి నవ్వింది.

అత్తగారు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. నిన్న మా పక్కింటావిడ వచ్చి ఆవిణ్ణి అడిగింది, "మీ చిన్నల్లుడు విమానంల తోలుకొచ్చిండట గదా?" అని. నేను తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"చిన్నల్లుడా..." అన్నారు అత్తగారు. ఆగారు. "ఉన్నడు. మంచిగనే ఉన్నడు."

ఇన్నేళ్లకు ఒక్క మాట పెరిగిందండీ! దాని వాయిదాలే, ఉగాది దాకా కట్టాలి.