నీళ్లకు పది పాయింట్లు

మరిపెడ నుంచి మహబూబాబాద్ వెళ్లే బస్సులో నాకు కుదురు లేదు. నిమిషానికోసారి ఫోన్ చూస్తున్నాను. కాలేజీల్లో పచ్చదనం పెంచడానికి నేను తయారుచేసిన యాప్‌కు అది మూడో వారం. మొక్కకు నీళ్లు పోసి ఫోటో పెడితే విద్యార్థికి పది పాయింట్లు. ఫోటోలు ఆగకుండా వస్తున్నాయి.

పక్క సీటులో ఒక అవ్వ, ఒడిలో కానుగ మొక్క. ఎక్కడికని అడిగాను.

“కాలేజీ హాస్టల్ల ఊడుస్త బిడ్డా. ఆడ నాటిన మొక్క సచ్చిపోయింది. గందుకే ఇంకోటి తీస్కపోతున్న.”

“నీళ్లు లేకనా అవ్వా?”

“నీళ్లు ఎక్కువై! పోసి ఫోటో దిగితే ఫోన్ల ఏవో పాయింట్లట. పిల్లలంత లైను గట్టి పోసిండ్రు. వద్దంటే ఇంటరా? వేరు కుళ్లింది.”

నా చేతిలో ఫోన్ మళ్లీ అదిరింది, ఇంకో ఫోటో. బోర్లా తిప్పి పెట్టుకున్నాను.

“ఎవలో గన్నిసార్లు చేస్తున్నరు, జర ఎత్తరాదు,” అంది.

ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టాను. “దీన్ని ఏడ నాటుతవ్ అవ్వా?” అన్నాను.

“బాత్రూముల ఎనుక. పిల్లలకు కనపడని తాన.”

మరుసటి వారం నీళ్ల పాయింట్లు తీసేశాను. యాప్ తెరిచేవాళ్లు సగానికి తగ్గిపోయారు. ఈమధ్య ఆ హాస్టల్‌కు వెళ్లినప్పుడు బాత్రూముల వెనక్కి పోయి చూశాను. కానుగ నా భుజం దాకా వచ్చింది. అలవాటుగా ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను.