తొట్టి పక్కన సీసపు పొడి

గద్వాలలో రేడియో ఉన్న ఒక ఇంటివాళ్లు పాడైన బ్యాటరీని పారేస్తుంటే, నాయన అడిగి ఇటిక్యాల దగ్గరి మా ఊరికి తెచ్చుకున్నాడు. అందులో సీసపు పలకలుంటాయి. కరిగించి వలకు గుండ్లు పోసుకోవచ్చు. కృష్ణ ఒడ్డున వల ఉన్న ప్రతివాడికీ సీసం కరువే. ఆసిడ్ కాలుస్తుందని తెలుసు కనుక దాన్ని ఊరి బయట గుంత తీసి పోశాడు. పలకల్లోని బూడిదరంగు ముద్దను మాత్రం కుడితి తొట్టి పక్కనే సుత్తితో రాలగొట్టాడు. ఆయన దృష్టిలో అది ఉత్త మట్టి.

నేను హైదరాబాదులో కరెంటు పని చదువుతున్న రోజులవి. సెలవులకు వచ్చేసరికి బర్రె మేత మానేసింది. పళ్లు కొరుకుతోంది. చూపు పోయి గుంజకు గుద్దుకుంటోంది. అమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన బర్రె అది. అమ్మ పోయాక నాయన దాని పొదుగు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

“దిష్టి తగిలింది,” అంది పక్కింటి అవ్వ. “నా బర్రె, నా బర్రె అని ఊరంత చెప్పుకుంట తిరిగె మీ నాయన. గట్ల చెప్పుకుంటే ఉంటదా?”

నాయన మిరపకాయలు దిగదుడిచాడు. మర్నాడు బర్రె పడిపోయింది, మళ్లీ లేవలేదు.

దాన్ని ఈడ్చుకుపోయాక తొట్టి పక్కన పొడి చూశాను. నాకిన మేర నేల నున్నగా ఉంది. సీసం విషమని మాకు మొదటి ఏడాదే చెప్పారు. నాయనకు చెప్పకూడదనుకున్నాను. కానీ కొట్టంలో ఇంకా దూడ ఉంది.

మూతికి గుడ్డ కట్టుకుని, పొడి లేవకుండా నీళ్లు చల్లి, పైమట్టితో సహా పాత కుండలోకి ఎత్తుతుంటే నాయన వచ్చాడు.

“గదెందుకు ఎత్తుతున్నవ్‌రా?”

“దూడ నాకుతది నాయనా.”

“నాకితే ఏమైతది?”

ఆయన పొడిని చూశాడు, నా మూతికున్న గుడ్డను చూశాడు.

“బర్రె గిదే నాకిందా?”

“అవ్ నాయనా. గిది సీసం. రుచి మరిగితే పసులు ఇడువవ్.”

“ఆసిడ్ ఊరవతల పోసొస్తిని గదరా,” అన్నాడు మెల్లగా. కొట్టం వైపు తిరిగి, “దూడ గూడ నాకిందా?”

“తెల్వదు.”

కుండ మూతిని మట్టితో మెత్తి, బావికి దూరంగా, పశువులు పోని బండల మధ్య లోతుగా పాతిపెట్టాను. తిరిగొచ్చేసరికి నాయన దూడను అవ్వ వాకిట్లో నిలబెట్టి ఉన్నాడు.

“దీన్ని నీ దగ్గరనే ఉంచుకో అవ్వా. నా చేతుల వద్దు.”

అవ్వ పలుపు అందుకుని, దూడను తన గుంజకు కట్టేసింది.