అట్టకత్తి శుభలేఖ రాసింది నేనే

నేను రాసినవాటిలో జనానికి ఇప్పటికీ గుర్తున్నది ఒక్కటే. అది అబద్ధం. అబద్ధమని కళ్లారా చూసి తెలిసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నానని నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ఇది కూడా ఒక రకం పిరికితనమే. అయినా సరే.

నాది ప్రొద్దుటూరు. వయసులో ఉన్నప్పుడు కరపత్రాలు రాసేవాణ్ణి. బట్టల అంగళ్లకు, నాటకాల కంపెనీలకు, ఎన్నికలొస్తే ఎన్నికలకు. ఎవరడిగితే వాళ్లకు రాసిచ్చేవాణ్ణి. కరపత్రం మీద రాసినవాడి పేరు ఉండదు. అది నాకు బాగుండేది. అంగట్లో నిలబడి నా మాటలు ఎవరో గట్టిగా చదువుతుంటే, చుట్టూ జనం నవ్వుతుంటే, నేను బెల్లం కొనడానికి వచ్చినవాడిలా పక్కన నిలబడి వినేవాణ్ణి. ఆ నవ్వు వినడం కోసమే రాసేవాణ్ణని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అట్లా అనుకోలేదు.

జమ్మలమడుగు అవతల ఒక పాత పాళెగాళ్ల ఇల్లు ఉంది. పాళెం ఏనాడో పోయింది. జమీ కూడా పోయింది. అయినా ఆ ఇంటి పెద్దను జనం దొరవారనే అనేవారు, వాళ్లింట్లో పెళ్లంటే రాజుల పెళ్లనే చెప్పుకునేవారు. మా నాయన ఆ ఇంట్లో గుమాస్తా. దొరవారూ నేనూ దాదాపు ఒక వయసువాళ్లం, చిన్నప్పుడు ఒకే అయ్యవారి దగ్గర చదువుకున్నాం. ఆ చనువు పెద్దయ్యాక కూడా కొంత మిగిలింది.

దొరవారి మొదటి భార్య కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. వాళ్లమ్మగారు మళ్లీ పెళ్లి చేయాలని సాటి సంస్థానాల సంబంధాలు చూస్తూ ఉండేవారు. ఈయన మనసు మాత్రం పులివెందులలో మగ్గం నేసే వాళ్లింటి పిల్ల మీద పడింది. ఆమె పేరు ఓబులమ్మ. అమ్మగారికి తెలిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. అందుకని ఎవరికీ తెలియకుండా పెళ్లి చేసుకోవాలనుకున్నారు.

ఆ ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. తమకంటే తక్కువ ఇంటి పిల్లను చేసుకునేటప్పుడు పెళ్లికొడుకు వాళ్ల గడప తొక్కడు. తన కత్తిని పంపిస్తాడు. కత్తిని పీట మీద పెట్టి, పక్కన పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి, తాళిని కత్తి పిడికి తాకించి కడతారు. ఆ తర్వాత ఆమె అతని భార్యే. తాత ముత్తాతల కాలంలో ఆ ఇంట్లో అట్లాంటి పెళ్లిళ్లు జరిగాయి, ఎవరూ కాదనలేదు. కాకపోతే ఒక్కటే నియమం. ఆ కత్తి ఆ ఇంటి కత్తే అయి ఉండాలి. పెళ్లికి అదే ప్రాణం.

కత్తి తీసుకుపోయింది నేను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. దొరవారు కత్తిని కంబళిలో చుట్టి నా చేతికిచ్చారు. ముద్దనూరు మీదుగా బస్సులో పోయాను. కండక్టరు మూటలో ఏందని అడిగితే గడ్డపార అన్నాను. పులివెందులలో వాళ్లింటి వసారాలో మగ్గం పక్కకు జరిపి పీట వేశారు. కంబళి విప్పింది నేను. పిడికి చుట్టిన వెండి తీగ ఒకచోట తెగి లేచి ఉంది, అది నా బొటనవేలికి గుచ్చుకుంది. ఎందుకు చెబుతున్నానంటే, నేను చూడలేదని తర్వాత చెప్పాను. చూశాను. ముట్టుకున్నాను. మా నాయన చేతుల మీద ఏటేటా ఆయుధపూజకు బయటికి వచ్చిన కత్తి అది, చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. ఓబులమ్మ మేనత్త తాళిని పిడికి తాకించి ముడి వేసింది. బ్రాహ్మణుడు అక్షింతలు నా చేతికి కూడా ఇచ్చాడు. వేశాను.

ఆ తర్వాత ఎన్నికలు వచ్చాయి. దొరవారు నిలబడ్డారు. ఎదుటి పక్షం వాళ్లు నా దగ్గరికి వచ్చారు. దొరకు పులివెందులలో ఎవరో ఉన్నారని వాళ్ల చెవిన పడింది. అంతకంటే ఏమీ తెలియదు. జనం నవ్వేటట్టు ఏదైనా రాయమన్నారు. నేను కాదనగలిగేవాణ్ణే. దొరవారు నాకు ఏ అపకారమూ చేయలేదు. మరి ఎందుకు ఒప్పుకున్నాను? నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. కోపం ఉందా? లేదు. అసూయ? ఉంటే ఉండవచ్చు, దొరకలేదు. వాళ్లు అడుగుతుండగానే నా తలలో మొదటి వాక్యం తయారైపోయింది. అంతే. అది బాగుంది. బాగున్నదాన్ని పారేయలేకపోయాను.

శుభలేఖలాగా రాశాను. "ప్రొద్దుటూరు నాటకాల కంపెనీ వారి ఏకైక పుత్రుడు చి. అట్టకత్తికి చి.ల.సౌ. పులివెందుల పిల్లనిచ్చి వివాహము జరిపించితిమి. దొరవారికి తీరిక లేనందున వరుని పంపించిరి. వానకు తడిసినచో వరుడు మెత్తబడును గావున బంధుమిత్రులు గొడుగులతో విచ్చేయ ప్రార్థన." ఇంకా ఉంది, ఇక్కడ రాయలేను. ప్రెస్సులో అక్షరాలు కూర్చే దస్తగిరి నవ్వి నవ్వి చేతిలోని అచ్చుల స్టిక్కు కింద పెట్టేశాడు. నిజం శుభలేఖలాగే నాలుగు మూలలా పసుపు పూద్దామన్నది అతనే. పూశాం. జమ్మలమడుగు సంతలో పంచారు. పులివెందుల బస్సుల్లో సీటు సీటుకూ పెట్టారు.

అట్టకత్తి అని ఎందుకు రాశాను? మీరు ఇది వినాలి. నవ్వు కోసం మాత్రమే కాదు. పెళ్లికి ఇంటి కత్తే వెళ్లిందని నిజం రాస్తే, కత్తి సంగతి తెలిసినవాడే రాశాడని దొరవారు వెంటనే పట్టేస్తారు. ఆ సంగతి నాకు తప్ప బయట ఎవరికీ తెలియదు. కత్తి అన్నమాట లేకుండా రాయవచ్చు గదా అంటారు. రాయవచ్చు. కాని కత్తి లేకపోతే నవ్వు లేదు. అందుకని కత్తిని ఉంచి, దాన్ని నాటకాల కత్తిగా మార్చాను. పోయి చూసివచ్చినవాడెవడూ అట్లా రాయడు గదా. నన్ను నేను దాచుకోవడానికి ఒక్క ముక్క మార్చాను. ఆ ఒక్క ముక్కలోనే ఆమె పెళ్లి ఉంది.

నేను అనుకున్నట్టే జరిగింది. దొరవారు ఆ కాగితం నాకే చూపించారు. "ఎవడో నాటకాలోడు ఊహించి రాసినట్టుండాడు. నువ్వైతే ఇట్ల రాయవు గదా, నువ్వు సూసినోడివి" అన్నారు. నేను తలూపాను. వాళ్లమ్మగారు ఆ పెళ్లి ఉత్త నాటకమని నమ్మి స్తిమితపడ్డారట. "అట్లనే అనుకోనీలేప్పా. నిజం తెలిస్తే అమ్మ బతకదు" అన్నారు దొరవారు. ఎన్నికల్లో ఓడిపోయారు. పులివెందులకు పోవడం మానలేదు. అప్పటికే ఒక కూతురు పుట్టి ఉంది. ఆయన కూడా నోరు విప్పలేదు గదా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇద్దరం కలిసి మోస్తున్నట్టు. ఆయనకు మాత్రం ఆ సంగతి తెలియదు.

కొన్నేళ్లకు దొరవారు పోయారు. గుండె ఆగిందన్నారు. పులివెందులకు కబురు చేసినవాళ్లు లేరు. ఓబులమ్మకు తెలిసేసరికి దహనం అయిపోయింది. పదో దినానికి వచ్చింది, కూతుర్ని చంకనేసుకుని. నేను కూడా అక్కడే ఉన్నాను, మా నాయన తరఫున పోవాలి గనక. ముంగిట్లో బంధువులంతా కూర్చుని ఉన్నారు. దొరవారి మేనమామ పెద్దగా ఉండి జరిపిస్తున్నాడు. అమ్మగారు లోపల గదిలో ఉన్నారు, తలుపు ఓరగా తెరిచి ఉంది.

ఆమె ఏడవలేదు. పదో దినం భార్యకు గాజులు తీస్తారు గదా, అది ఆ ఇంట్లో, అందరి ముందు జరగాలని అడిగింది. ఆమె అడిగింది ఆ ఒక్కటే. ఎవరో వెనక నుంచి అట్టకత్తి అన్నారు. కొందరు దగ్గుతున్నట్టు నవ్వు దాచుకున్నారు. అప్పుడామె నా వైపు చేయి చూపించింది.

"మామా, ఈయప్పనడుగు. కత్తి తెచ్చింది ఈయప్పే. మూటిప్పింది ఈయప్పే."

ఆయన్ను మామా అని పిలిచింది. ఆ పిలుపుకు ఆయన పలకలేదు. నన్ను చూశాడు.

"ఏమప్పా, నువ్వు పోయింటివా?"

"పోయింటి సామీ. మూట ఇచ్చిరమ్మంటే ఇచ్చొస్తి."

"దాంట్లో ఉండింది ఈ ఇంటి కత్తేనా?"

ఇక్కడ ఆగుతాను. ప్రతిసారీ ఇక్కడే ఆగుతాను. ఔనంటే ఏమయ్యేది? మరి అట్టకత్తి అని రాసిందెవరని అడిగేవారు. పెళ్లిలో కత్తి ఉందని తెలిసింది ఎవరికని అడిగేవారు. వేళ్లు లెక్కపెట్టుకుంటే నా దగ్గరే ఆగేవి. ఇదంతా ఆ క్షణంలో ఆలోచించానా, లేక తర్వాత అల్లుకున్నానా, ఇప్పుడు చెప్పలేను. నోరు మాత్రం ముందే మాట్లాడింది.

"గుడ్డ సుట్టింటిరి సామీ. లోపల ఏముండాదో నేను సూడలేదు."

ఆ ఇంటి కత్తి కాదంటే ఆమె నాతో పోట్లాడేది. పోలేదంటే అబద్ధాలకోరునని అందరికీ తెలిసేది. నేను సగం ఒప్పుకున్నాను. అందుకే నమ్మారు. దాచి తెచ్చిన మూట, చుట్టిన గుడ్డ. అట్టకత్తి కాకపోతే దాచడం ఎందుకు? నేను రాసిన అబద్ధానికి ఆ రోజు నేనే సాక్ష్యం చెప్పాను.

"ఇంగ పోమ్మా. నాటకం కత్తికి గాజులు తీసేది మా ఇంట్లో లేదు" అన్నాడు మేనమామ. కోపంగా కూడా అనలేదు.

"నేను ఇల్లడిగినానా, చేనడిగినానా?" అంది ఓబులమ్మ. "మొగుడు పోయినాడు, ఈడ గాజులు తీయించుకోని పోతానంటి. దానిగ్గూడా సాక్షం కావల్నా మామా?"

లోపలి తలుపు మూసుకుంది. ఆమె నన్ను మళ్లీ చూస్తుందనుకున్నాను. చూడలేదు. కూతుర్ని సర్దుకుని, గాజులతోనే వెళ్లిపోయింది. తర్వాత అందరికీ విస్తళ్లు వేశారు. నేను కూడా కూర్చున్నాను. తిన్నాను.

ఆ తర్వాత ఆమె గాజులు తీయలేదు. బొట్టు తీయలేదు. ఆ ఇంట్లో తీయందే ఎక్కడా తీయనందట. పులివెందుల నుంచి వచ్చేవాళ్లు చెప్పేవారు. చచ్చినోనికి బొట్టు పెట్టుకుంటాండాదని వీధిలో ఆడవాళ్లు ఎత్తిపొడిచేవారట. పేరంటాలకు ముత్తైదువని పిలిచేవారు కాదు, విధవల్లో కూర్చోమనే వీలూ లేదు. పెళ్లిళ్లలో ఎక్కడ కూర్చోవాలో తెలియక వెళ్లడం మానేసింది. అట్టకత్తి పెండ్లాం అన్నది ఆమె పేరైపోయింది. అది నేను పెట్టిన పేరు. ఆమె గురించి చెప్పుకుని నవ్వేవాళ్ల మధ్య నేను ఎన్నోసార్లు నిలబడ్డాను. నవ్వాను కూడా. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారని.

కరపత్రాలు రాయడం మానేశాను. అది పశ్చాత్తాపమని చెప్పుకోవాలని ఉంది. నిజానికి మాటలు రావడం ఆగిపోయింది. ఇప్పుడు ఒక నూలు కొట్టులో కూర్చుంటాను.

ఈ మధ్య ఓబులమ్మ పోయింది. జ్వరం. నూలుకు వచ్చిన పులివెందుల మనిషి మాటల్లో మాటగా చెప్పాడు. నేను కొట్టు మూసి బస్సెక్కాను. ఎందుకు వెళ్లానో తెలియదు. పోయేసరికి అన్నీ అయిపోయి రెండు మూడు రోజులైంది. కూతురు ఎదిగిన పిల్ల. మగ్గం మీద కూర్చుని ఉంది. మైల రోజుల్లో నేయకూడదేమో, ఊరికే కూర్చుని పోగులు సవరిస్తోంది. నేనెవరో చెప్పాను. కత్తి ఎవరిదో చెప్పాను. కాగితం ఎవరు రాశారో చెప్పాను. పదో దినాన ఏమన్నానో చెప్పాను. నిలబడే చెప్పాను, ఆమె కూర్చోమనలేదు.

తిడుతుందనుకున్నాను. పోగులు సవరిస్తూనే ఉంది.

"అమ్మను పసుపు పూసి, బొట్టు పెట్టి, గాజులతోనే పంపిస్తిమి" అంది. "ఇద్దరు ముగ్గురు వద్దనిరి. నేనే పట్టుబట్టితి. తప్పు చేస్తినా అప్పా?"

ఏమని చెప్పాలి? ఔనంటే ఆ పిల్ల తప్పవుతుంది. కాదంటే వాళ్లమ్మ విధవ కాదనాలి, అంటే భార్య కాదనాలి. చెప్పులు వేసుకుని వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అడగడానికి అక్కడ చోటు కనిపించలేదు.

ఆ పిల్ల ఒక్కతికి చెబితే సరిపోదని తిరిగొచ్చాక తెలిసింది. నేను నవ్వించింది మూడు ఊళ్లను. అందుకే ఇది రాస్తున్నాను. ఆ శుభలేఖ చదివినవాళ్లు, చదివి వినిపించినవాళ్లు, విని నవ్వినవాళ్లు మీలో ఉంటే ఈ నాలుగు మాటలు కూడా చదవండి. ఆ కత్తి ఆ ఇంటిదే. ఆ పెళ్లి జరిగింది. నేను చూశాను, అక్షింతలు వేశాను. ఓబులమ్మ ఆయన భార్య. ఆయన పోయాక ఆమెకు దక్కాల్సిన వైధవ్యం కూడా దక్కకుండా చేసింది నేను.

ఇంతే. రాసి చూసుకుంటే ఎంతో లేదు. నాకేమైనా తేలికపడిందా అని చూసుకున్నాను. తెలియడం లేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని మాత్రం ఇప్పుడే తెలిసింది. ఆకలవుతోంది.