మేస్త్రి గారి ఎంపిక

మంగళవారం పొద్దున వాకాడు వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టరు మా ఆసుపత్రి గేటు దగ్గర దిగి, మడిచిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను ఇదివరకు పనిచేసిన ఆసుపత్రి డాక్టరమ్మ గారి చేతిరాత. "తోట మేస్త్రి గారు తెల్లవారుజామున పోయారు. నాలుగు గంటలకు సమాధి చేస్తాం. నీకోసం చూస్తాం." అంతే రాసి ఉంది. నేను సూళ్లూరుపేటలో నర్సుగా చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఆయన్ని చూడడానికి రెండుసార్లే వెళ్లాను. పోయిన నెలలో మళ్లీ బయల్దేరబోయి, వానగా ఉందని మానుకున్నాను. వానకు భయపడే మనిషిని కాను నేను. బద్ధకం, అంతకన్నా ఏం లేదు. బస్సులో కూర్చున్నంత సేపూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోపులో ఒక క్షయ ఆసుపత్రి ఉంది. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో చదువు ముగించుకుని నేను మొదట ఉద్యోగానికి చేరింది అక్కడే. మేస్త్రి గారు ఆ ఆసుపత్రికి రోగిగా వచ్చినవారే. ఒక ఊపిరితిత్తి సగం పోయినా మనిషి దక్కారు. నయమయ్యాక ఊరికి పోకుండా తోటపనికి ఉండిపోయారట. నేను చేరేనాటికి ఆయనకు యాభై పైనే ఉంటాయి. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు, కాళ్లకు చెప్పులుండవు. ఎండాకాలంలో కాలే ఇసుకలో కూడా అలాగే తిరిగేవారు. చెప్పులు వేసుకోమని నేను నర్సు పెత్తనం చేస్తే, "ఆకు ఎంత మందాన పడి ఉండాదో కాలికి తెలవాల గదా సిస్టరమ్మా" అనేవారు.

సరుగుడు ఆకు మీకు తెలుసు కదా, దారప్పోగుల్లా సన్నగా ఉండి ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది. వార్డుల చుట్టూ నున్నగా ఊడ్పించేవారు. తోపు లోపల మాత్రం నాలుగు వేళ్ల మందం ఉంచమనేవారు. "మొత్తం ఊడవబాకండి. ఆకు పోతే ఇసక లేచి వస్తాది" అని ఊడ్చేవాళ్ల వెనకే తిరుగుతూ చెప్పేవారు. ఆదివారం గుడిలో ఆయన వంతు వస్తే ప్రార్థన ఒక్క ముక్కలో అయిపోయేది. "ప్రభువా, గాలి నీ చేతిలో ఉండాది, ఇసక మా మీద పడకుండా చూడు." మిగతా పెద్దలు అరగంటకు తక్కువ చేసేవారు కాదు కనుక, ఆయన లేచి నిలబడితే మాకందరికీ సంతోషంగా ఉండేది.

ఊడ్చేవాళ్లు కూలీలు కారు. రోగుల భార్యలు, తల్లులు. వైద్యం ఏడాదీ రెండేళ్లూ పట్టేది. అన్నాళ్లు ఇంటివాళ్లు కంచె బయట తాటాకు గుడిసెలు వేసుకుని ఉండేవారు. ఆసుపత్రి పాలూ రొట్టే ఇచ్చేది కానీ, మన మనిషికి గంజీ పులుసూ లేకపోతే ముద్ద దిగుతుందా? పొద్దునే చీపుళ్లు పట్టుకుని వచ్చి ఊడ్చేవారు. ఎవరు ఊడ్చిన ఆకు వాళ్లది. ఆ ఆకుతోనే పదకొండు గుడిసెల్లో పొయ్యిలు మండేవి. చుట్టుపక్కల కట్టెపుల్ల దొరకని చోటు అది. తోపులో కొమ్మ విరవడానికి లేదు. కాగితం మీద ఎక్కడా లేని ఈ ఏర్పాటు మేస్త్రి గారు పెట్టిందే.

నేను చేరిన మరుసటి వేసవిలో ఎవరో కాల్చి పారేసిన బీడీతో ఆకు అంటుకుంది. మంట మూడో వార్డు వరండా దాకా వచ్చింది. రోగులను మంచాలతో సహా సముద్రం ఒడ్డుకు మోశాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి డాక్టరమ్మ గారికి ఆకు అంటే గుబులు పట్టుకుంది. పైగా చీపురు దుమ్ము రోగులకు మంచిది కాదు, అది నిజమే. మాకు అంతకుముందు జీపు పంపిన పైదేశపు సంఘం ఒకటి ఉంది. ఆమె వాళ్లకు రాస్తే, వాళ్లు బొమ్మల పుస్తకం ఒకటి పంపారు. జీపు వెనక తగిలించుకునో, చేత్తో తోసుకుంటూనో పోతే నేల మీది ఆకును పీల్చి పెట్టెలో వేసుకునే బండ్లు. మూడు రకాలు ఉన్నాయి, మీకు ఏది కావాలో గుర్తు పెట్టి పంపండి అన్నారు.

డాక్టరమ్మ గారు నన్ను పిలిచి, "ఆకు సంగతి మేస్త్రి గారికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆయనే ఎంచుకోవాలి. నువ్వు చదివి చెప్పు, ఆయన చూపించినదాని పక్కన టిక్కు పెట్టి పంపించెయ్" అన్నారు.

మధ్యాహ్నం మందుల గది మెట్ల మీద కూర్చుని చదివి చెప్పాను. మొదటిది పెద్దది. దాని గొట్టంలో నాలుగు కత్తులుంటాయి, ఆకును పొట్టు పొట్టు చేసి, పది గంపల ఆకును ఒక గంపకు తెస్తుంది. రెండోది ఆకును ఉన్నదున్నట్టు పీల్చుకుని గోనెసంచిలో వేసుకుంటుంది, తాడు లాగితే సంచి బోర్లా పడుతుంది. మూడోది చేత్తో తోసుకునేది, దాన్ని ఆయన చూడనే లేదు. రెండోదాని మీద బొటనవేలు పెట్టారు.

"ఇదమ్మా."

"అది చిన్నది మేస్త్రి గారూ. నిమిషానికోసారి సంచి నిండిపోతుంది. పెద్దదైతే ఒక్క తిరుగుడుతో పని అయిపోతుంది" అన్నాను.

"ఆకు నలగకూడదు సిస్టరమ్మా."

"చెత్త నలిగితే ఏం, నలగకపోతే ఏం?"

ఆయన చెప్పబోయారు. ఈలోపు గంట కొట్టారు, జ్వరాలు చూసే వేళయింది. నేను పుస్తకం మూసి లేచిపోయాను. ఆయన పుస్తకం ఒకసారి ఇమ్మని అడిగి తీసుకుపోయి, సాయంత్రం తెచ్చి ఇచ్చారు. అప్పుడైనా నేను అడగలేదు.

ఆ రాత్రి కాగితం మీద మొదటిదాని పక్కన టిక్కు పెట్టాను. ఎందుకు పెట్టానంటే, నాకు ఇరవై రెండేళ్లు, ఇంగ్లీషు వచ్చు. ఆయనకు రాదు. అంతకు మించి పెద్ద కారణం వెతికితే దొరకదు. పెద్దాయనకు అర్థం కాలేదు, నేను అందరికీ మేలు చేస్తున్నాను అనుకున్నాను. పొద్దునే టపాలో వేసేశాను.

ఎనిమిది నెలలకు మద్రాసు రేవు నుంచి లారీలో పెట్టె వచ్చింది. మేకులు పీకి, గడ్డి తీసి చూస్తే, ఎర్ర రంగు వేసిన పెద్ద బండి. ఆసుపత్రి అంతా చుట్టూ మూగింది. మేస్త్రి గారు వంగి గొట్టంలోకి చూశారు. కత్తులను వేలితో తడిమారు. తలెత్తి నావైపు ఒక్కసారి చూశారు.

"మీరు ఎంచుకున్నది ఇదేనా మేస్త్రి గారూ?" అన్నారు డాక్టరమ్మ గారు.

"ఇదేనమ్మా. నేను ఎంచుకునిందే" అన్నారాయన.

మొదటి వారం మా సంబరం చూడాలి. వార్డుల చుట్టూ ఒక్క ఆకు లేదు. పొట్టు గులాబీ మొక్కలకు వేశారు. ఊడ్చే పని తప్పింది కదా అని గుడిసెలవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్లు అడిగితే ఒక గంప పొట్టు వాళ్లకూ ఇచ్చారు.

పదో రోజున సుబ్బమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త మూడో వార్డులో ఉన్నాడు. సూదులు ఇంకా ఆరు నెలలు పడాలి. చేతిలో గంజి ముంత ఉంది, మూత తీసి చూపించింది. బియ్యం బియ్యంగానే ఉన్నాయి.

"పొయ్యి అంటుకోలా సిస్టరమ్మా. ఈ పొట్టు వేస్తే పొగే గానీ మంట రాదు. ఊదీ ఊదీ నాకే దగ్గు పట్టుకునింది. మేము నాలుగిళ్లోళ్లం ఊరికి పోతున్నాం. ఆయన్ని కూడా తీసకపోతా."

"మధ్యలో తీసుకుపోతే మనిషి దక్కడు సుబ్బమ్మా!"

"ఈడ ఉంచి పస్తు పెట్టేదా? మీరే చెప్పండి."

నా టిక్కు నలుగురు మనుషుల ప్రాణం మీదికి వచ్చిందని అప్పుడు తెలిసింది. మేస్త్రి గారి దగ్గరికి పరిగెత్తాను. జీపు షెడ్డులో ఆయన బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నారు, డ్రైవరు పక్కన దీపం పట్టుకుని కూర్చున్నాడు. రెండు కత్తులు అప్పటికే ఊడి నేల మీద ఉన్నాయి.

"మేస్త్రి గారూ, ఆ కాగితంలో టిక్కు…" అని మొదలుపెట్టాను.

"ఆ స్పానరు ఇట్టా అందియ్యమ్మా" అన్నారు.

అందించాను. మళ్లీ నోరు తెరిచాను. "దీపం సరిగ్గా పట్టమను వాణ్ణి" అన్నారు. నన్ను ఆ మాట అననిస్తే కదా.

కత్తులు తీసేశాక ఆకు నలగకుండా పెట్టెలోకి పోయింది. కానీ ఒక్క తిరుగుడుకే పెట్టె నిండేది. దానికి తాడూ లేదు, బోర్లా పడేదీ కాదు. మేస్త్రి గారు లోపలికి దిగి, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, చేతులతో ఎత్తి కంచె బయట పోసేవారు. రోజుకు ఏడెనిమిది సార్లు. ఒక ఊపిరితిత్తి సగం పోయిన మనిషి. వద్దని నేను అరిచినా వినలేదు. నేను కూడా డ్యూటీ దిగాక వెళ్లి ఎత్తాను కొన్నాళ్లు, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కుప్ప పడగానే ఆడవాళ్లు గంపలతో వచ్చేవారు. ఎవరూ ఊరికి పోలేదు. సుబ్బమ్మ భర్త నయమై, ఆసుపత్రిలోనే వాచ్‌మన్‌గా కుదిరాడు.

ఇన్నిసార్లు ఎందుకు తిప్పుతున్నారని డాక్టరమ్మ గారు అడిగితే, "నా ఎంపికలో తప్పు జరిగిందమ్మా, సరి చేసుకుంటుండా" అన్నారట. ఆమె నవ్వేశారు. ఆ నవ్వు ఆసుపత్రి అంతా పాకింది. సైజు తప్పిన చేతి తొడుగులు వచ్చినా, మూత పట్టని సీసా వచ్చినా, "మేస్త్రి గారి ఎంపిక" అనేవారు. ఆయన ఎదుటే అనేవారు. ఆయనా నవ్వేవారు. ఒకసారి నేను కూడా ఆ మాట అన్నాను. అలవాటున నోట్లోంచి వచ్చేసింది. ఆయన ఆ పూట కూడా నవ్వారు.

ఊడదీసిన నాలుగు కత్తులనూ వాకాడులో కమ్మరి చేత కత్తిపీటలు చేయించారు. మూడు గుడిసెలవాళ్లకు ఇచ్చి, నాలుగోది నాకు తెచ్చి ఇచ్చారు. "ఇది నీ వాటా అమ్మాయీ" అన్నారు. సిస్టరమ్మా అనకుండా అమ్మాయీ అనడం అదే మొదలు. టిక్కు నేను కావాలనే మార్చానని ఈయనకు తెలుసు అని నాకు గట్టిగా అనిపించింది. అయినా ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ కత్తిపీట మీదనే ఇవాళ్టికీ చేపలు కోస్తున్నాను.

ఆ మంగళవారం నేను బస్సు దిగి అక్కడికి చేరేసరికి మూడున్నర అయింది. సమాధుల దొడ్డి తోపు చివర, సముద్రానికి దగ్గరగా ఉంటుంది. వాక్యం చదివాక డాక్టరమ్మ గారు మాట్లాడారు. ఆమెకు ఆయనంటే ప్రాణం. ఏడుస్తూనే ఆయన మంచితనం చెప్పి, చివర, "ఒక్క బండి విషయంలో మాత్రం మేస్త్రి గారి ఎంపిక…" అని కళ్లు తుడుచుకుని నవ్వారు. అందరూ తడి కళ్లతోనే నవ్వారు.

నా వల్ల కాలేదు. "ఆ ఎంపిక ఆయనది కాదండీ" అన్నాను. గొంతు పెద్దదిగానే వచ్చింది. "ఆయన వేలు పెట్టింది రెండోదాని మీద. మొదటిదానికి టిక్కు పెట్టింది నేను. ఎనిమిదేళ్లుగా ఆయన నా తప్పు మోశారు."

డాక్టరమ్మ గారి నవ్వు ఆగిపోయింది. పక్కనుంచి సుబ్బమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మాకు తెలుసులే సిస్టరమ్మా. ఆయన ఆ పొద్దే పుస్తకం తెచ్చి మాకు బొమ్మ చూపించినాడు. మీ పొయ్యిల కోసరం దీని మీద వేలు పెట్టినా అన్నాడు. ఎర్రబండి వచ్చినాక మేము అడిగితే, నోరెత్తబాకండి, ఆ బిడ్డ కొత్తగా చేరింది, ఉద్యోగం పోతాది అన్నాడు. ఎవురమూ ఎత్తలా."

పదకొండు గుడిసెలు. ఎనిమిదేళ్లు. పొయ్యి ఆరిపోయినవాళ్లు నా ముందు ముంత పెట్టి నిలబడి కూడా, నీ వల్లే అని ఒక్కరు అనలేదు. నేను అక్కడే ఇసుకలో కూర్చుని ఏడ్చాను.

పూడ్చడం అయ్యాక మట్టిదిబ్బ మీద పూలు పెట్టారు. అక్కడ ఉన్నది మట్టి కాదు, వట్టి ఇసుక. సాయంత్రపు గాలి మొదలైంది, దిబ్బ అంచు అప్పుడే లేస్తోంది. ఆడవాళ్లు తోపులోకి పోయి గంపలతో ఆకు ఎత్తుకొచ్చి దిబ్బ మీద పోశారు. నేనూ కొంగు నిండా తెచ్చాను. సుబ్బమ్మ మందం వేళ్లతో కొలిచి చూసి, నాలుగు వేళ్లు వచ్చేదాకా వేయించింది. చుట్టూ ఇసుక లేచి మా కళ్లల్లో పడుతూనే ఉంది, దిబ్బ మీద మాత్రం ఒక్క రేణువు కదల్లేదు.