ఒలేనా మామా ఉత్తరాలు

ఫర్వానియాలో మా గది కింది హోటల్లో ఈ మధ్య బీట్‌రూట్ ఉడకబెడుతున్నారు. ఆ మట్టి వాసన మెట్ల మీద తగిలితే చాలు, ఒలేనా మామా వంటిల్లు గుర్తొస్తుంది. గుర్తొచ్చిన ప్రతిసారీ సిగ్గుతో తల వంగిపోతుంది. ఈ అరబ్బు దేశంలో ఇళ్లలో పనిచేసే మేము యజమానురాలిని మామా అనే పిలుస్తాం. ఒలేనా మామాది ఉక్రెయిన్. వయసులో ఉండగా టేపురికార్డరు భుజాన వేసుకుని పల్లెలు తిరిగి, జనం పాడుకునే పాటలు సేకరించింది. ఆ పని ఆమె దేశంలోనే ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదని కూతురు చెప్పేది. ముసలితనంలో ఇక్కడే షర్క్ పేటలో ఉన్న ఆ కూతురి దగ్గరికి వచ్చాక, ఆమెను చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. మా మాటలన్నీ వచ్చీరాని ఇంగ్లీషులో, కొంత అరబ్బీలో సాగేవి.

కొత్తలో ఒకరోజు, "మీ ఊళ్లో చావింట్లో ఏం పాడతారు?" అని అడిగింది. రాయచోటి దగ్గర మా పల్లెలో ఆడవాళ్లు రాగం తీసి శోకాలు పెడతారు. ఆ మాట చెప్పడం నాకు నామోషీ అనిపించింది.

"మా తట్టు అట్లాంటియి లేవు మామా" అన్నాను.

ఆ ఎండాకాలమే, బీట్‌రూట్ తరుగుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. నాయన పోయాడు. "నువ్వొచ్చేదాంక పెట్టుకోలేమక్కా" అన్నాడు. కత్తి కింద పెట్టాను. నాకు తెలియకుండానే మా అవ్వ తీసే రాగం నా గొంతులోకి వచ్చింది. తలెత్తితే గుమ్మంలో ఒలేనా మామా. లేవన్న శోకాలు నా నోటే విన్నది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పయిపాయ మామా. మా నాయన చచ్చిపోయినాడు."

ఆమె పొయ్యి ఆపి, నా పక్కన నేల మీద కూర్చుంది. చెవి మిషను తీసి జేబులో వేసుకుంది. "ఏడువు. నేను వినను" అంది.

తర్వాతెప్పుడో, నా శోకం ఎందుకు రాసుకోలేదని అడిగాను. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. ఒక పల్లెలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి శోకం తీస్తుంటే టేపు ఇరుక్కుపోయిందట. "ఇంకోసారి పాడమన్నాను. పాడింది. పట్నం నుంచి వచ్చినదాన్ని కదా, కాదనలేకపోయింది." ఆ పాటతోనే ఒలేనా మామాకు పేరొచ్చింది. అప్పటి నుంచీ ఆ తల్లికి ఏటా ఉత్తరం రాస్తూనే ఉంది. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరి ఉత్తరానికి మామా చేయి వణికితే, కాగితం కదలకుండా నేను అదిమి పట్టుకున్నాను.

"ఏం రాస్తారు మామా? మన్నించమనా?"

"లేదు. ఇక్కడి ఎండల గురించి, సముద్రం గురించి. మన్నించమంటే మళ్లీ ఆమెనే ఏదో ఇమ్మని అడిగినట్టు కదా."

ఆ చలికాలం ఆమె నిద్రలోనే పోయింది. ఆమె సేకరించిన పాటలు ఎక్కడున్నాయో నాకు తెలియదు.

నాతో గదిలో ఉండే ఆడవాళ్లలో ఎవరికైనా ఊరి నుంచి చావు కబురు వస్తే, ఆ ఏడుపు రికార్డు చేసి ఇంట్లోవాళ్లకు పంపుదామని ఎవరో ఒకరు ఫోను ఎత్తుతారు. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఒలేనా మామా సంగతి చెప్పాలి, నేను ఆడిన అబద్ధమూ చెప్పాలి. అందుకు నాకింకా నోరు రాదు. ఆ ఫోను మాత్రం చేత్తో దించుతాను.