నాన్న వేసుకోని చవక మాత్ర

మా నాన్న మీద నాకింకా కోపం తగ్గలేదు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకుంటాను.

కైకలూరు దగ్గర మాకు రెండు చేపల చెరువులు ఉండేవి. నాన్నకు రక్త క్యాన్సర్ అని తేలినప్పుడు, రోజూ మాత్ర వేసుకుంటే మామూలు మనిషిలా తిరగొచ్చని విజయవాడ డాక్టరు చెప్పారు. అది విదేశీ కంపెనీ మాత్ర. దానికోసం ఒక చెరువు అమ్మేశాం. ప్రాణానికి అంత ధర కట్టినవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాత మన దేశపు కంపెనీలు అదే మందు చాలా తక్కువ ధరకు తెచ్చాయి. "లోపల ఉన్నది అదే మందండీ, మార్చేసుకోండి" అన్నారు డాక్టరు. నేను తాడేపల్లిగూడెంలో టీచర్ని. ఆ ఆదివారమే కొత్త మాత్రలు కొని పట్టుకెళ్ళాను. నాన్న పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి బీరువాలో పెట్టేశారు.

"ఒక పంట చూద్దాం అమ్మాయ్."

మా వైపు చెరువులవాళ్ళ పద్ధతి అది. కొత్త మేత వస్తే ఎవరూ ముందు వేయరు. పక్క చెరువువాడు వేసి, చేప పట్టి, కాటా పెట్టేదాకా ఆగుతారు. అందరూ ఆగితే ముందు వేసేదెవరని చిన్నప్పుడు అడిగాను. పాత మేత కొనలేనివాడు వేస్తాడన్నారు నాన్న. ఒకసారి చవక మేతను నమ్మి, తెల్లారేసరికి చెరువంతా చచ్చి తేలిన చేపల్ని చూసిన మనిషి ఆయన.

నాన్నకు పక్క చెరువు దొరికింది. ఏలూరు పవర్‌పేటలో బట్టలు కుట్టే ఒక ముస్లిం ఆయనకు కూడా అదే జబ్బు. ఆసుపత్రి బెంచీ మీద పరిచయం. విదేశీ మాత్ర కొనే శక్తి ఆయనకు ఏనాడూ లేదు కాబట్టి చవకది రాగానే మొదలుపెట్టాడు. నాన్న నెలనెలా ఫోన్ చేసేవారు.

"ఆకలి వేస్తందాండీ? కాళ్ళేవన్నా వాచినియ్యా? నీరసం తగ్గిందాండీ?"

అవతల ఆయన ఓపిగ్గా అన్నీ చెప్పేవాడు. ఫోన్ పెట్టేసి, "బానే ఉన్నాడు. ఇంకొన్నాళ్ళు చూద్దాం" అనేవారు నాన్న.

"నాన్నగారూ, ఆయన చెరువు కాదండీ, మనిషి" అన్నాను ఒకసారి.

"అందుకే ఇంకా జాగ్రత్తగా చూడాలి" అన్నారు.

ఈలోగా చేతిలో డబ్బు ఆడలేదు. నీళ్ళు బాగోనప్పుడు మేత తగ్గించినట్టు, నాన్న ఆ విదేశీ మాత్రను రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టారు. అమ్మకు గానీ నాకు గానీ చెప్పలేదు. రక్త పరీక్ష చూసి డాక్టరు గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టారు. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మాత్ర రోజూ పడకపోవడంతో జబ్బు మొండికేసిందనీ, ఇక ఏ కంపెనీదైనా ఈ మందు పనిచేయదనీ చెప్పారు.

తిరుగు బస్సు హనుమాన్ జంక్షన్ దాటింది. నాన్న మెల్లగా, "బీరువాలో ఆ పెట్టె ఉంది కదా అమ్మాయ్. రేపట్నించి వేసుకుంటాను. ఆయనకి బానే పనిచేసింది" అన్నారు. వేసుకోండి అన్నాను. ఇంకేమంటాను? నాన్న మరుసటి వేసవి చూడలేదు.

పెద్దకర్మ రోజున ఏలూరు నుంచి ఆ టైలరు వచ్చాడు. ఒళ్ళు చేసి, మొహం నిగనిగలాడుతూ ఉన్నాడు. ఆయన్ని చూడగానే నాకు అసూయ కలిగింది. నన్ను చూసి ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మీ నాన్నగారు నాకు సొంత అన్నయ్యకన్నా ఎక్కువండీ. నేను ఎలా ఉన్నానో నెల తిరక్కుండా కనుక్కున్నది ఆయనొక్కరేనండీ. మా వాళ్ళు కూడా అడగలేదండీ."

విస్తరి వేసి ఆయన్ని కూర్చోబెట్టాను.

"అవునండీ, ఇంట్లో ఎప్పుడూ మీ మాటేనండీ" అన్నాను.